మీ బిడ్డకు బడిలో ప్రత్యేక సాయం కావాలా? సహిత విద్య కింద ఏమేం వస్తాయి, ఎవరిని ఎలా అడగాలి

ఆంధ్రప్రదేశ్‌లోని తల్లిదండ్రుల కోసం. తెలంగాణలో ఉన్నవారికి చివర్లో విడిగా ఇచ్చాం.

ఈ పీడీఎఫ్ ఎవరికి?

మీ బిడ్డకు నడక సరిగా రాకపోవచ్చు. మాట ఆలస్యం కావచ్చు. బోర్డు మీద రాసింది కనపడకపోవచ్చు, వెనక నుంచి పిలిస్తే వినపడకపోవచ్చు. లేదా పైకి అంతా బాగానే ఉండి, మూడో తరగతికి వచ్చినా రెండక్షరాల మాట కూడా కూడబలుక్కుని చదవలేకపోవచ్చు. ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేకపోవచ్చు.

ఇలాంటి పిల్లలకు ప్రభుత్వ బడిలో సాయం చేయడానికి ఒక ఏర్పాటు ఉంది. దాన్నే సహిత విద్య అంటారు. కొందరు విలీన విద్య అని కూడా అంటారు. ఇది సమగ్ర శిక్ష పథకంలో ఒక భాగం.

మిగతాది చదివే ముందు ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి.

బడిలో చేరడానికి, బడిలో సాయం మొదలవడానికి సదరం సర్టిఫికెట్ అక్కర్లేదు. కొన్నిటికి కావాలి, అన్నిటికీ కాదు. "ముందు సర్టిఫికెట్ తెండి, తర్వాత చూద్దాం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోకండి. సర్టిఫికెట్ పని ఒకవైపు నడుస్తుంది, బడి పని ఇంకోవైపు నడవాలి. ఒకదాని కోసం ఇంకోటి ఆపితే పోయేది బిడ్డ చదువుకోవాల్సిన ఏడాది.

1. చట్టం ఏం చెప్తోంది?

మీరు అడిగేది దయ కాదు, హక్కు. రెండు చట్టాల పేర్లు తెలిస్తే చాలు.

మొదటిది విద్యాహక్కు చట్టం, 2009. ఇది 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలందరికీ ఉచిత, నిర్బంధ విద్య ఇవ్వాలని చెప్తుంది. వయసు ధ్రువపత్రం లేదనో, టీసీ రాలేదనో చేర్చుకోకుండా ఉండకూడదు. బిడ్డ ఆలస్యంగా బడికి వస్తే, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకుని వెనకబడిన చదువు చెప్పాలి. పిల్లల్ని కొట్టడం, మాటలతో వేధించడం కూడా ఈ చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషేధం.

రెండోది దివ్యాంగుల హక్కుల చట్టం, 2016. దీంట్లో 16వ సెక్షన్ బడుల బాధ్యతలు చెప్తుంది: వివక్ష లేకుండా చేర్చుకోవాలి, భవనం, టాయిలెట్లు అందరూ వాడుకునేలా ఉండాలి, ఒక్కో బిడ్డకు కావాల్సిన సాయం విడిగా చేయాలి, చదవడం రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లల్ని తొందరగా గుర్తించాలి, ప్రతి బిడ్డ ఎంత ముందుకొచ్చాడో చూస్తుండాలి. 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, అంతకన్నా ఎక్కువ వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత విద్య హక్కు. దగ్గర్లోని మామూలు బడిలో చదవాలా, ప్రత్యేక పాఠశాలలో చదవాలా అన్నది వాళ్ల ఇష్టం.

అంటే "వీడికి మామూలు బడి పనికిరాదు, స్పెషల్ స్కూలుకు తీసుకుపోండి" అని చెప్పే అధికారం బడికి లేదు. సలహా ఇవ్వొచ్చు. నిర్ణయం మీది.

2. ఏ పిల్లలు దీని కిందికి వస్తారు?

2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. బడి పిల్లల్లో ఎక్కువగా చూసేవి ఇవి:

• చూపు పూర్తిగా లేకపోవడం, చూపు మందగించడం
• వినికిడి లోపం, మాట లోపం
• కాళ్లు చేతుల లోపాలు, సెరిబ్రల్ పాల్సీ, కండరాల క్షీణత, మరుగుజ్జుతనం
• మేధో వైకల్యం (ఊళ్లో బుద్ధిమాంద్యం అంటారు)
• ఆటిజం
• అభ్యసన వైకల్యం, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం, లెక్కలు చేయడం దగ్గర మాత్రం ఆగిపోవడం. డిస్లెక్సియా దీంట్లో ఒక రకం
• తలసీమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ వంటి రక్త సంబంధ సమస్యలు
• రెండు మూడు లోపాలు కలిసి ఉండటం

కాళ్లు చేతుల లోపం అందరికీ కనపడుతుంది. అభ్యసన వైకల్యం, కొద్దిపాటి వినికిడి లోపం కనపడవు. అలాంటి బిడ్డకు మొద్దు అని, బద్ధకం అని, అల్లరి అని పేరు పడుతుంది. ఒక చెవి సరిగా వినపడని పిల్లవాడు చివరి బెంచీలో కూర్చుంటే టీచర్ చెప్పింది సగమే అందుతుంది. అది వాడి తప్పు కాదు. ముందు బెంచీకి మార్చడం కూడా సాయమే, దానికి ఏ కాగితమూ అక్కర్లేదు.

3. ఎవరెవరు ఉంటారు? ఎవరి పని ఏంటి?

క్లాస్ టీచర్: రోజూ బిడ్డను చూసేది వీళ్లే. ఇబ్బందిని మొదట గుర్తించాల్సిందీ వీళ్లే. దీని కోసం ఎన్‌సీఈఆర్‌టీ తయారుచేసిన ప్రశస్త్ అనే మొబైల్ యాప్ ఉంది. దాంట్లోని ప్రశ్నలకు టీచర్ జవాబులు నింపితే ఏ బిడ్డను ఇంకా పరీక్షించాలో తెలుస్తుంది. అది రోగ నిర్ధారణ కాదు, మొదటి జల్లెడ మాత్రమే.

హెచ్ఎం: బిడ్డ వివరాలు యూడైస్ ఆన్‌లైన్ రికార్డులో ఎక్కించే బాధ్యత వీళ్లది. దాంట్లో ప్రత్యేక అవసరాల బిడ్డా కాదా, ఏ రకం లోపం, ఏ సౌకర్యం ఇచ్చారు అనే గడులు ఉంటాయి.

ఐఈఆర్‌పీ: సహిత విద్య రిసోర్స్ పర్సన్. ప్రత్యేక విద్యలో శిక్షణ పొందినవాళ్లు. మండలంలోని బడులకు వెళ్తారు, భవిత కేంద్రంలో పిల్లలకు నేర్పుతారు, బడికి రాలేని పిల్లల ఇళ్లకు వెళ్తారు. మీకు అన్నిటికన్నా ముఖ్యమైన మనిషి వీళ్లే.

భవిత కేంద్రం: మండల స్థాయిలో నడిచే సహిత విద్య వనరుల కేంద్రం. మామూలుగా ఏదో ఒక ప్రభుత్వ బడి ఆవరణలోనో, మండల వనరుల కేంద్రం దగ్గరో ఉంటుంది. బొమ్మలు, ఆట వస్తువులు, వ్యాయామ పరికరాలతో తమ పనులు తాము చేసుకోవడం, మాట, నడక, అక్షరాలు నేర్పుతారు. ఫిజియోథెరపిస్టు నిర్ణయించిన రోజున వచ్చి వ్యాయామాలు చేయిస్తారు.

ఎంఈవో: మండల విద్యాశాఖాధికారి. బడిలో పని జరగకపోతే మీ అర్జీ ఇక్కడికి.

జిల్లా సహిత విద్య కోఆర్డినేటర్: జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో ఉంటారు. పరికరాల క్యాంపులు, అలవెన్సులు, ఇంటి వద్ద విద్య మంజూరు ఇక్కడి నుంచే.

4. ఏమేం వస్తాయి?

సమగ్ర శిక్ష నిబంధనల ప్రకారం ప్రత్యేక అవసరాలున్న ఒక్కో బిడ్డ పేరున ఏడాదికి 3,500 రూపాయల దాకా కేటాయిస్తారు. ఇది మీ చేతికిచ్చే డబ్బు కాదు. పరికరాలు, థెరపీ, బోధన సామగ్రి, అలవెన్సులు, క్యాంపులు అన్నీ దీంట్లోంచే. అందుకే యూడైస్‌లో బిడ్డ పేరు ఎక్కడం ముఖ్యం. లెక్కలో లేని బిడ్డకు కేటాయింపు ఉండదు.

సర్టిఫికెట్ లేకపోయినా అడగాల్సినవి:

• బడిలో అడ్మిషన్
• టీచర్ ద్వారా మొదటి పరీక్ష, తర్వాత ఐఈఆర్‌పీ చేత పరీక్ష
• భవిత కేంద్రంలో నేర్పించడం, ఫిజియోథెరపీ
• తరగతిలో సర్దుబాట్లు: ముందు బెంచీ, పెద్ద అక్షరాలు, రాయడానికి ఎక్కువ టైం, రాతకు బదులు నోటితో అడగడం
• రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఉచిత వైద్య పరీక్ష. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుట్టిన బిడ్డ నుంచి 18 ఏళ్ల వరకూ వర్తిస్తుంది. వైద్య బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, బడికి ఒకసారి రావాలి. అవసరమైతే అక్కడి నుంచి జిల్లా ఆసుపత్రికి పంపిస్తారు

సర్టిఫికెట్ కావాల్సినవి (మామూలుగా 40 శాతం, ఆపైన):

• క్యాంపులో ఇచ్చే పరికరాలు: చక్రాల కుర్చీ, మూడు చక్రాల సైకిల్, చంకకర్రలు, కాలిపర్లు, వినికిడి యంత్రం, సెరిబ్రల్ పాల్సీ పిల్లల కుర్చీ, బ్రెయిలీ కిట్, మేధో వైకల్యం ఉన్న పిల్లలకు బోధన కిట్
• రవాణా అలవెన్సు, తోడు వచ్చేవారికి ఎస్కార్ట్ అలవెన్సు, చూపు లేని పిల్లలకు రీడర్ అలవెన్సు
• ఆడపిల్లలకు స్టైపెండ్: నెలకు 200 రూపాయల చొప్పున 10 నెలలు. 1వ తరగతి నుంచి 12 వరకూ. బ్యాంకు ఖాతాలో పడుతుంది
• 9, 10 తరగతుల వారికి కేంద్ర ప్రభుత్వ ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్. కుటుంబ ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదు. నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి
• పబ్లిక్ పరీక్షల్లో రాయితీలు
• పింఛను, రైలు, బస్సు రాయితీలు

చాలామంది సదరం అంటే పింఛను కాగితం అనే అనుకుంటారు. పింఛను వచ్చాక కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. దాని జిరాక్స్ ఒకటి బడిలో ఇస్తే పై జాబితాలో సగం పనులు కదులుతాయి. ఇప్పటికే పింఛను తీసుకుంటున్న బిడ్డ మీ ఇంట్లో ఉంటే, రేపే ఆ జిరాక్స్ హెచ్ఎంకు ఇవ్వండి.

5. ఎక్కడ మొదలుపెట్టాలి? మెట్టు మెట్టుగా

మీ బాబు మూడో తరగతి అనుకుందాం. చదవలేకపోతున్నాడు. అక్షరాలు తిరగేసి రాస్తున్నాడు. నోటితో చెప్పమంటే కథ మొత్తం చెప్తాడు, రాయమంటే ఒక్క లైను రాదు. ఏం చేయాలి?

మొదటి మెట్టు: క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. "మావాడు సరిగా చదవట్లేదు సార్" అంటే "ఇంట్లో చదివించండమ్మా" అనే జవాబు వస్తుంది. దానికి బదులు ఇలా అడగండి: "సార్, వీడు చెప్పమంటే చెప్తున్నాడు, రాయమంటే రాయలేకపోతున్నాడు. ప్రశస్త్‌లో ఒకసారి నింపి చూడండి. ఐఈఆర్‌పీ సారుకు చూపించాలి, ఎప్పుడొస్తారు?" అడిగేది ఎంత స్పష్టంగా ఉంటే జవాబు అంత స్పష్టంగా వస్తుంది.

రెండో మెట్టు: హెచ్ఎంకు రాతపూర్వకంగా అర్జీ ఇవ్వండి. నమూనా కింద ఉంది. రెండు కాపీలు రాయండి. ఒకదానిమీద తేదీ వేసి సంతకం, బడి స్టాంపు తీసుకుని మీ దగ్గర ఉంచుకోండి. నోటిమాటకు రుజువు ఉండదు.

మూడో మెట్టు: చూపు, వినికిడి ముందు పరీక్ష చేయించండి. బోర్డు కనపడకే రాయలేకపోతున్న పిల్లలూ ఉంటారు. వాళ్లకు కళ్లద్దాలు పెడితే సమస్య అక్కడితో సరిపోతుంది. బడికి వచ్చే ఆరోగ్య బృందం కోసం నెలల తరబడి చూడక్కర్లేదు. మీ ఏఎన్ఎంను అడిగి ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి.

నాలుగో మెట్టు: ఐఈఆర్‌పీ బిడ్డను చూశాక ప్లాన్ అడగండి. ఒక్కో బిడ్డకు విడిగా రాసే ఈ కాగితాన్ని వ్యక్తిగత విద్యా ప్రణాళిక అంటారు. ఐఈపీ అని కూడా అంటారు. దాంట్లో నాలుగు విషయాలు ఉండాలి: బిడ్డకు ఇప్పుడు ఏం వచ్చు, వచ్చే మూడు నెలల్లో ఏం రావాలి, దానికి ఎవరు ఏం చేస్తారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు.

ఈ నాలుగో మెట్టు దగ్గరే చాలా పనులు ఆగిపోతాయి. పేరు రికార్డులో ఎక్కింది కదా అని మనం ఊరుకుంటాం. పేరు ఎక్కడం మొదలు మాత్రమే. "వచ్చే సంక్రాంతికి మావాడికి ఏం రావాలి సార్?" అని అడిగితే, జవాబు చెప్పడానికైనా ఎవరో ఒకరు బిడ్డ పక్కన కూర్చోవాలి.

ఐదో మెట్టు: ఇంట్లో ఏం చేయాలో అడిగి నేర్చుకోండి. ఫిజియోథెరపిస్టు చేయించే వ్యాయామం రోజూ చేస్తేనే పనిచేస్తుంది. వారానికోసారి సరిపోదు. ఎలా పట్టుకోవాలి, ఎన్నిసార్లు చేయించాలి అన్నది వాళ్ల ముందే మీరు చేసి చూపించండి. తప్పైతే సరిచేస్తారు.

6. సదరం సర్టిఫికెట్ సంగతి

స్లాట్ బుకింగ్: మీ గ్రామ, వార్డు సచివాలయంలో గానీ మీసేవలో గానీ చేస్తారు. బిడ్డ ఆధార్ కార్డు, ఫోన్ నంబరు తీసుకెళ్లండి. తేదీ, ఆసుపత్రి పేరు ఉన్న చీటీ ఇస్తారు.

ఆ రోజు: పాత వైద్య కాగితాలన్నీ తేదీల వరుసలో పెట్టుకోండి. వినికిడికి ఆడియోగ్రామ్ లేదా బెరా పరీక్ష, మేధో వైకల్యానికి ఐక్యూ పరీక్ష చూస్తారు. బిడ్డకు తినడానికి, తాగడానికి పెట్టుకుని వెళ్లండి, క్యూ ఉంటుంది. క్లాస్ టీచర్ గానీ ఐఈఆర్‌పీ గానీ బడిలో బిడ్డ ఇబ్బందుల గురించి రాసిచ్చిన కాగితం ఉంటే డాక్టరుకు చూపించండి.

అభ్యసన వైకల్యానికి: బిడ్డకు 8 ఏళ్లు నిండాకే సర్టిఫికెట్ పరీక్ష చేస్తారు. మూడో తరగతి ఉదాహరణ చెప్పింది అందుకే. అంతకుముందు సాయం చేయకూడదని దీని అర్థం కాదు. సర్టిఫికెట్‌కు వయసు ఉంది, సాయానికి లేదు.

గడువు: పిల్లలకు చాలాసార్లు తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దానిమీద గడువు తేదీ చూసి ఫోన్‌లో రాసి పెట్టుకోండి. గడువు అయ్యాక అలవెన్సు ఆగిపోయిందని తెలుసుకునే కన్నా, మూడు నెలల ముందే స్లాట్ తీసుకోవడం మేలు.

యూడీఐడీ కార్డు: దేశమంతా చెల్లే దివ్యాంగుల గుర్తింపు కార్డు ఇది. కేంద్ర పథకాలు, స్కాలర్‌షిప్‌లకు దీని నంబరే అడుగుతున్నారు. సర్టిఫికెట్ మాత్రమే ఉండి ఈ కార్డు లేకపోతే సచివాలయంలో అడగండి.

శాతం 40 కన్నా తక్కువ వస్తే: పింఛను రాదు, కొన్ని రాయితీలు రావు. కానీ బడిలో సాయం పోదు. 16వ సెక్షన్‌లో చెప్పిన బడి బాధ్యతలకు 40 శాతం అనే షరతు లేదు. శాతం తప్పుగా వేశారని మీకనిపిస్తే అప్పీలు చేసుకోవచ్చు.

7. పదో తరగతిలో తెలిసొచ్చే నష్టం

ఇది కాస్త నిదానంగా చదవండి.

చదవలేని బిడ్డ కూడా ఏటా పై తరగతికి వెళ్తుంటాడు. ఇంట్లో పాస్ అవుతున్నాడనే అనుకుంటారు. తొమ్మిదికి వచ్చేసరికి లెక్కలో ఒక్క స్టెప్పు రాదు. పదిలో పబ్లిక్ పరీక్ష. అప్పుడు అందరికీ గుర్తొస్తుంది: వీడికి రాసిపెట్టే మనిషి కావాలి, ఎక్కువ టైం కావాలి. ఏదీ సర్టిఫికెట్? లేదు. స్లాట్ ఎప్పుడు? రెండు నెలల తర్వాత. నామినల్ రోల్స్ పంపే గడువు ఎప్పుడు? వచ్చే వారం.

ఈ పరిస్థితి రాకుండా ఉండాలంటే ఎనిమిదో తరగతి అయ్యేలోపు సర్టిఫికెట్ చేతిలో ఉండాలి.

పబ్లిక్ పరీక్షల్లో, లోపం రకాన్ని బట్టి, ఈ రాయితీలు ఉంటాయి:

• రాసిపెట్టే సహాయకుడు, అంటే స్క్రైబ్. పరీక్ష రాసే బిడ్డ కన్నా తక్కువ తరగతి చదివే విద్యార్థి అయి ఉండాలి
• అదనపు సమయం. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు కనీసం 20 నిమిషాలు, అంటే మూడు గంటల పరీక్షకు గంట
• కొందరికి ఒక భాష నుంచి మినహాయింపు
• పాస్ మార్కుల్లో సడలింపు

ఇవి వాటంతట అవే రావు. నామినల్ రోల్‌లో లోపం రకం నమోదు చేసి, సర్టిఫికెట్ జతచేసి హెచ్ఎం పంపాలి. కాబట్టి పదో తరగతి మొదలైన నెలలోనే హెచ్ఎంను కలిసి ఏ రాయితీలు కావాలో రాసివ్వండి. నామినల్ రోల్ పంపే ముందు మీ బిడ్డ వివరాలు ఒకసారి చూపించమని అడగండి. స్క్రైబ్‌తో రాయడం కూడా సాధన కావాలి. నోటితో చెప్పి రాయించుకోవడం కొత్తవాళ్లకు వెంటనే రాదు. అందుకే తొమ్మిదో తరగతి పరీక్షల నుంచే స్క్రైబ్‌ను పెట్టమనండి.

8. ఇంటి వద్ద విద్య ఎవరికి?

మంచం దిగలేని, తీవ్రమైన వైకల్యం ఉన్న, రెండు మూడు లోపాలు కలిసి ఉన్న పిల్లలకు ఇంటి దగ్గరే చదువు చెప్పించుకునే హక్కు ఉంది. విద్యాహక్కు చట్టానికి 2012లో చేసిన సవరణతో ఇది వచ్చింది. ఐఈఆర్‌పీ ఇంటికి వచ్చి నేర్పుతారు.

అయితే ఇది మీరు ఎంచుకునేది, బడి మీకు అంటగట్టేది కాదు. "రోజూ ఎందుకు తీసుకొస్తారు, పేరుంటుంది లెండి, ఇంట్లోనే ఉంచండి" అని ఎవరైనా అంటే అది ఇంటి వద్ద విద్య కాదు. పేరు హాజరుపట్టీలో, బిడ్డ ఇంట్లో, నేర్పే మనిషి ఎక్కడా లేరు. అలాంటప్పుడు రెండే ప్రశ్నలు అడగండి: "మా బిడ్డ పేరు ఇంటి వద్ద విద్య జాబితాలో రాశారా? ఇంటికి ఎవరు, ఏ రోజు వస్తారు?" ఈ రెంటికీ జవాబు లేకపోతే బిడ్డను బడికే తీసుకెళ్లండి.

ఇంటికి వచ్చిన ప్రతిసారీ తేదీ, ఏం నేర్పారో ఒక నోట్‌బుక్‌లో రాసి ఉంచండి. నెల తిరిగేసరికి ఎన్నిసార్లు వచ్చారో దాంట్లోనే తెలుస్తుంది.

9. తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: మా పాప పక్కతడుపుతుంది. టాయిలెట్ చెప్పలేదు. బడిలో చేర్చుకోరేమో?
జవాబు: ఆ కారణంతో కాదనకూడదు. అలాంటి పనులు నేర్పడం భవిత కేంద్రం పనుల్లో ఒకటి. మొదట్లో కొన్ని గంటలు మాత్రమే తీసుకెళ్లి, మెల్లగా సమయం పెంచమని అడగొచ్చు.

ప్రశ్న: భవిత కేంద్రంలో ఉంటే మామూలు బడి మానేయాలా?
జవాబు: వద్దు. బిడ్డ పేరు మీ బడిలోనే ఉండాలి. భవితలో సిద్ధమై మామూలు తరగతిలో కలవడమే దీని ఉద్దేశం. ఏళ్ల తరబడి భవితలోనే ఉంచేస్తుంటే "తరగతిలో ఎప్పుడు కూర్చోబెడతారు?" అని అడగండి.

ప్రశ్న: క్యాంపులో ఇచ్చిన వినికిడి యంత్రం పెట్టుకోవట్లేదు. మూలన పడేశాం.
జవాబు: చాలా ఇళ్లలో ఇంతే. కొత్తలో శబ్దాలన్నీ ఒక్కసారిగా వినపడి బిడ్డ భయపడతాడు. రోజుకు పది నిమిషాలతో మొదలుపెట్టి పెంచాలి. చెవిలో పెట్టే అచ్చు బిడ్డ పెరిగేకొద్దీ మార్చాలి, బ్యాటరీలు మార్చాలి. చక్రాల కుర్చీ, కాలిపర్లు కూడా అంతే, కొలత దాటితే పుండ్లు పడతాయి. ఐఈఆర్‌పీకి చెప్పి వచ్చే క్యాంపులో మార్చమని రాసివ్వండి.

ప్రశ్న: మిగతా పిల్లలు వెక్కిరిస్తున్నారు. వెళ్లనని ఏడుస్తున్నాడు.
జవాబు: ఇది చిన్న విషయం కాదు. పరికరం లేక బడి మానేసే పిల్లలున్నట్టే మాట పడలేక మానేసేవాళ్లూ ఉంటారు. పేరుతో పిలవాలి, లోపంతో కాదు అని క్లాసులో చెప్పమని టీచర్‌ను అడగండి. పేరెంట్స్ కమిటీ సమావేశంలో ఎత్తండి. పక్కన కూర్చునే ఒక స్నేహితుడిని టీచర్ కుదిర్చితే సగం భయం పోతుంది.

ప్రశ్న: ప్రైవేటు బడిలో చదివిస్తున్నాం. మాకేం రావా?
జవాబు: 2016 చట్టంలోని 16వ సెక్షన్ ప్రభుత్వ బడులతో పాటు ప్రభుత్వ నిధులు, గుర్తింపు ఉన్న బడులకూ వర్తిస్తుంది. ప్రైవేటు బడుల్లో 25 శాతం ఉచిత సీట్లకు కూడా దివ్యాంగ పిల్లలు అర్హులే.

ప్రశ్న: మా మండలంలో ఐఈఆర్‌పీలు సరిపోను లేరు. ఒక్కరే అన్ని ఊళ్లూ తిరుగుతున్నారు.
జవాబు: నిజమే, ఇది పెద్ద లోటు. సుప్రీంకోర్టు 2021లో ఇచ్చిన తీర్పులో ప్రాథమిక స్థాయిలో 10 మంది ప్రత్యేక అవసరాల పిల్లలకు ఒక స్పెషల్ టీచర్, ఆపై స్థాయిలో 15 మందికి ఒకరు ఉండాలని చెప్పింది. మీ బడిలో అలాంటి పిల్లలు ఎంతమంది ఉన్నారో లెక్క తీసి, తల్లిదండ్రులంతా కలిసి ఒకే అర్జీ ఇవ్వండి. ఒక్కరు అడిగిన దానికన్నా పది సంతకాలకు బరువెక్కువ.

10. పని కాకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలి?

వరుస తప్పకుండా వెళ్లండి. ప్రతి చోటా ముందు ఇచ్చిన అర్జీ కాపీ జతచేయండి.

1) హెచ్ఎం. 15 రోజులు చూడండి.
2) పేరెంట్స్ కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి. తీర్మానం రాయించండి.
3) ఎంఈవో కార్యాలయం.
4) జిల్లా సమగ్ర శిక్ష కార్యాలయంలో సహిత విద్య కోఆర్డినేటర్.
5) కలెక్టరేట్‌లో ప్రతి సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ నంబరు తప్పకుండా తీసుకోండి.
6) రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్. 2016 చట్టం కింద ఫిర్యాదులు విచారించే అధికారం ఉంది. సివిల్ కోర్టులాగా అధికారుల్ని పిలిపించి, రికార్డులు తెప్పించుకోగలరు.

బిడ్డను కొట్టడం, గదిలో పెట్టి తాళం వేయడం లాంటివి జరిగితే ఈ వరుస చూడక్కర్లేదు. వెంటనే 1098కి ఫోన్ చేయండి.

ఎక్కడికి వెళ్లినా కోపంతో కాకుండా కాగితంతో మాట్లాడండి. రేపు మీ బిడ్డను చూసుకోవాల్సింది ఆ టీచర్లే. వాళ్ల మీదా పని భారం ఉంటుంది. అదే సమయంలో, మొహమాటపడి ఊరుకోకండి.

11. హెచ్ఎంకు అర్జీ నమూనా

తేదీ: ..........

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారికి,
.......... పాఠశాల, .......... మండలం.

విషయం: నా కుమారుడికి / కుమార్తెకు సహిత విద్య కింద సహాయం కోరుతూ.

అయ్యా / అమ్మా,

నా బిడ్డ .......... మీ పాఠశాలలో .......... తరగతి చదువుతున్నాడు / చదువుతోంది. బిడ్డకు .......... విషయంలో ఇబ్బంది ఉంది. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం కింది పనులు చేయవలసిందిగా కోరుతున్నాను.

1) ఐఈఆర్‌పీ చేత నా బిడ్డను పరీక్ష చేయించడం.
2) యూడైస్ రికార్డులో ప్రత్యేక అవసరాల బిడ్డగా నమోదు చేయడం.
3) వ్యక్తిగత విద్యా ప్రణాళిక రాసి, ఒక కాపీ నాకు ఇవ్వడం.
4) భవిత కేంద్రం, ఫిజియోథెరపీ సేవలకు పంపడం.
5) అవసరమైన పరికరాల కోసం క్యాంపు జాబితాలో పేరు చేర్చడం.

సదరం సర్టిఫికెట్: ఉంది, జిరాక్స్ జతచేశాను / స్లాట్ తేదీ .......... / ఇంకా తీసుకోలేదు.

ఇట్లు,
తల్లి / తండ్రి సంతకం, ఫోన్ నంబరు

(మీకు అక్కర్లేని లైన్లు కొట్టేయండి. రాయడం రాకపోతే సచివాలయంలోని వెల్ఫేర్ అసిస్టెంట్‌ను గానీ, చదువుకున్న బంధువును గానీ రాసిపెట్టమనండి.)

12. తెలంగాణలో ఉంటే

చట్టాలు, సమగ్ర శిక్ష నిబంధనలు రెండు రాష్ట్రాల్లోనూ ఒకటే. భవిత కేంద్రాలు, ఐఈఆర్‌పీలు అక్కడా ఉన్నారు. తేడాలు ఇవి: సర్టిఫికెట్ స్లాట్ మీసేవలో తీసుకోవాలి. బడి విషయాలు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో ఎత్తవచ్చు. కలెక్టరేట్‌లో సోమవారం జరిగే కార్యక్రమం పేరు ప్రజావాణి. మేధో వైకల్యం ఉన్న పిల్లల పరీక్షకు, తల్లిదండ్రులకు సలహాలకు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ జాతీయ సంస్థ ఉంది. ఆంధ్రప్రదేశ్ వాళ్లు కూడా అక్కడికి వెళ్లవచ్చు.

చివరగా: ఈ వారం చేయాల్సినవి

☐ క్లాస్ టీచర్‌ను కలిసి ఐఈఆర్‌పీ ఏ రోజు వస్తారో కనుక్కోవాలి
☐ హెచ్ఎంకు అర్జీ ఇచ్చి, స్టాంపు వేసిన కాపీ తీసుకోవాలి
☐ చూపు, వినికిడి పరీక్ష చేయించాలి
☐ సర్టిఫికెట్ ఉంటే జిరాక్స్ బడిలో ఇవ్వాలి, లేకపోతే స్లాట్ తీసుకోవాలి
☐ ఉన్న సర్టిఫికెట్ గడువు తేదీ చూసుకోవాలి
☐ అన్ని కాగితాలూ ఒకే ఫైలులో పెట్టి, ఫోన్‌లో ఫోటోలు తీసుకోవాలి

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ లేకపోయినా మీ వీధిలో ఒకరు ఉండొచ్చు. పగలంతా గుమ్మం దగ్గర కూర్చుని బడికెళ్లే పిల్లల్ని చూసే బిడ్డ ఉండొచ్చు. ఆ తల్లికి ఫోన్‌లో చదవడం రాకపోతే, పది నిమిషాలు కూర్చుని ఇది చదివి వినిపించండి. అర్జీ మీరే రాసిపెట్టండి.